వాదమా? వితండమా?

వాదమను మాట మన భాషలో నిందార్థమునకు దిగినది. ఎవడైన నొక ప్రశ్న వేసినచో వాదులాడుచున్నాడందుము. ఆ ప్రశ్న మనకు రుచింపనిచో వితండవాదమని త్రోసివేయుదుము. మరియొకవంక, నలుగురొక్కమారుగా కేకలు వేయుటకు వార్తావాహినులు 'చర్చ' యని పేరిడుచున్నవి. ఈ పేరుల తారుమారు ప్రజాప్రభుత్వమునకు హానికరమని మేము తలచుచున్నాము.

గౌతముని న్యాయసూత్రములు ఈ విషయమున స్పష్టమైన విభాగము చేసినవి. పక్షప్రతిపక్షములను గ్రహించి ప్రమాణతర్కములచే నిజమును నిర్ణయింపబూనుట వాదము. గెలుపే గమ్యముగా ఛలాదులను ప్రయోగించుట జల్పము. తనపక్షమును స్థాపింపక యెదిరిపక్షమును ఖండించుటయే పనిగా బెట్టుకొనుట వితండ. ఛలమునకు పూర్వులు చూపిన యుదాహరణము నేటికిని సరిపోవును. క్రొత్తకంబళి గలవాడను నర్థమున నొకడు 'నవకంబళుడు' అనగా, 'ఉన్నది యొక్కటియే, తొమ్మిది యెక్కడ?' అని వేరొకడాక్షేపించును. అర్థము తెలియక కాదు, తెలిసియే వక్రించును. నేటి రాజకీయ ప్రసంగములందు ఈ తొమ్మిది కంబళ్లకు కొదువలేదు. కాని ప్రమాణమేదని యడుగువాడు మాత్రము వితండవాది కాడు.

సరియైన వాదమునకు దూరపు నిదర్శన మక్కరలేదు. రాజ్యాంగపరిషత్తు 1946 డిసెంబరు 9న సమావేశమై 1949 నవంబరు 26న రాజ్యాంగము నంగీకరించెను. ముసాయిదాకు సుమారు 7,635 సవరణలు రాగా, వానిలో 2,473 సభయందు ప్రతిపాదింపబడినవని డాక్టరు అంబేద్కరు తెలిపిరి. కాంగ్రెసువారి కచట సంఖ్యాబలము పుష్కలము. అయినను కారణములు చెప్పిరి, వినిరి, కొన్నియెడల మార్చుకొనిరి.

2020లో చేసిన మూడు సాగుచట్టములను రద్దుచేయు బిల్లును 2021 నవంబరు 29న లోక్‌సభ చర్చ లేకయే యామోదించెను. రద్దును కోరిన ప్రతిపక్షములు సైతము నాడు చర్చను కోరినవి. ఆ కోరిక న్యాయమైనది. చట్టమేల వచ్చెను, ఏల పోయెను అను రెండు ప్రశ్నలకును రైతునకు సభాముఖమున సమాధానము రావలసియుండెను.

చర్చ కాలహరణమను వారు కలరు. పొలముగట్టు తగవున నైనను ఉభయుల మాట వినక తీర్పు చెప్పువానిని గ్రామము పెద్దమనిషిగా నెంచదు. దేశపు తగవులకు అంతకంటె తక్కువ మర్యాద చాలునా?

ఈ సభలకు ప్రజలే మధ్యస్థులు. ఏ ప్రమాణము చూపినచో నీ పక్షమును విడుతువని వారు ప్రతి వక్తను అడుగవలెను. ఏది చూపినను విడువననువాడు చేయునది వాదము కాదు. దానికి చర్చయను గౌరవనామము మనమీయనక్కరలేదు.