బండి నంబర్‌ని ప్రైమరీ కీ చేయకండి

పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీ గేట్ కోసం లారీల ఎంట్రీ యాప్ రాశాను. జాంగోలో నా మొదటి ప్రాజెక్ట్. బండ్ల టేబుల్‌లో రిజిస్ట్రేషన్ నంబర్‌నే ప్రైమరీ కీ చేసేశా. రెండు బండ్లకి ఒకే నంబర్ ఉండదు కదా, మళ్లీ వేరే ఐడీ దేనికి అనుకున్నా.

ఒకరోజు సెక్యూరిటీ అన్న ఎంట్రీలో ఒక అంకె తప్పు కొట్టాడు. లారీ బయటికెళ్లేటప్పుడు చూసుకుని, బండి ఫారమ్‌లో సరిచేసి సేవ్ చేశాడు. ఆయన తప్పేం లేదు. ప్రైమరీ కీ విలువ మార్చి సేవ్ చేస్తే జాంగో పాత రికార్డుని మార్చదు, పక్కనే ఇంకోటి సృష్టిస్తుంది. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉంది, నేనే చదవలేదు. ఎగ్జిట్ కొత్త నంబర్‌పై పడింది, ఎంట్రీ పాత నంబర్‌పైనే ఉండిపోయింది. రాత్రి లిస్ట్‌లో, వెళ్లిపోయిన లారీ, డ్రైవర్, క్లీనర్ ఇంకా లోపలే ఉన్నారు!

చిన్న బగ్ అనుకోకండి. ప్రమాదం జరిగితే ముందు అడిగేది ఆ లిస్టే. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగాక, లోపల ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న ఎంత బరువైనదో ఈ బెల్ట్‌లో అందరికీ తెలుసు.

"నంబర్ ప్లేట్ మారదు కదా బ్రో" అంటారు. కొత్త లారీ టెంపరరీ నంబర్‌తో వస్తుంది, తర్వాత పర్మనెంట్‌ది వస్తుంది. బండి ఒకటే, కీలు రెండు. 2024 మార్చిలో కొత్త బండ్లకి టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత ప్లేట్లు అలాగే ఉన్నాయి గానీ, నా ఫారమ్ టీజీని ఒప్పుకోలేదు.

జిల్లా కోడ్ కలిపి ఉద్యోగి ఐడీ చేస్తారు కొందరు. 2016 అక్టోబర్ 11 దాకా పటాన్‌చెరు మెదక్ జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి సంగారెడ్డి. ఆ కోడ్ ఏం చేస్తారు? ఫోన్ల లిస్ట్‌కి ఐఎంఈఐ పెడదామంటారా, డ్యూయల్ సిమ్ ఫోన్‌కి అవి రెండుంటాయి.

నా మాట: జాంగో ఇచ్చే ఆటో ఐడీనే ఉంచండి. బండి నంబర్ మామూలు ఫీల్డ్, దానికి యూనిక్ పెట్టండి చాలు, డూప్లికేట్లు అదే ఆపుతుంది. నెట్ లేకుండా రెండు గేట్లలో ట్యాబ్‌లు విడివిడిగా రాసుకుంటుంటే యూయూఐడీ తీసుకోండి. జాయిన్ ఒకటి తగ్గుతుందని సహజ కీ వాడమనే సీనియర్లున్నారు. కరెక్టే, కానీ గేట్‌లో రోజుకి వచ్చే లారీలెన్ని?

ఆ టేబుల్‌కి కొత్త ఐడీ పెట్టి, ట్రిప్పులన్నీ దానికి తిప్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. లోపలే ఉండిపోయిన ఆ లారీని మాత్రం చేత్తో బయటికి పంపాను.