ఒక్క పాట చాలదా?

వేసవిలో గచ్చిబౌలి వైపు పెళ్లి ఊరేగింపు వెళ్తుంటే మీరు గమనించే వుంటారు. బ్యాండువాళ్లు వాయించేది ఒకటే పాట. ఆటోలోనూ అదే, టీకొట్టు దగ్గరా అదే. మరుసటి వేసవికి అది మాయమై ఇంకొకటి వస్తుంది. "ఒక్క పాటతో అతని పని సరి!" అని గాయకుణ్ణి చూసి నవ్వుతాం. ఆ నవ్వు న్యాయం కాదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

పదే పదే చెవిన పడేది నచ్చడం మొదలవుతుంది. పరిచయం ఇష్టాన్ని పెంచుతుందని 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపాడు. అయితే మోతాదు మించితే విసుగూ వస్తుంది. అంటే పాటను మరచిపోవడం మన మెదడు చేసే పని, గాయకుడి తప్పు కాదు.

మరి పేరెలా వస్తుంది? 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. అంతగా పేరులేని బృందాల పాటలు 48 ఇంటర్నెట్‌లో పెట్టారు. 14,000 మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగతావారిని 8 గుంపులుగా చేసి, తమ గుంపులో ఏ పాటను ఎందరు ఎంచుకున్నారో చూపారు. ఒక గుంపులో మొదటి స్థానం పొందిన పాట ఇంకో గుంపులో 40వది అయింది! మరీ మంచి పాట అడుగుకు పోవడం, మరీ చెడ్డది పైకి రావడం అరుదు. మధ్యవాటికి మాత్రం ఏమైనా జరగవచ్చు.

మన దగ్గరే చూడండి. మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు దానికి ఆడిన వీడియో వ్యాపించాక ఊరూరా మోగిపోయింది. పాట మారలేదు. మారింది వినేవాళ్ల సంఖ్య.

కనుక ఎందరు చూశారనే అంకె పాట విలువను కొలిచే తూకపురాయి కాదు. మన జానపదాలు కట్టినవారిలో ఎందరు ఒక్క పాటే కట్టారో! వారి పేర్లు పోయాయి, పాటలు మిగిలాయి. ఆ ఒక్కటీ చిన్న పని కాదు.

మీ తరగతిలోనే పరీక్షించండి. అందరికీ కొత్తవైన అయిదు పాటలు వినిపించి, నచ్చినదాన్ని ముందు చీటీ మీద రహస్యంగా రాయమనండి. తర్వాత ఒకరొకరుగా పైకి చెప్పమనండి. రెండు లెక్కలూ ఒకటేనా? కాకపోతే, పక్కవాడి చెయ్యి చూసి ఎత్తిన చేతులెన్నో మీకే తెలుస్తుంది.