అంగుళం దించితే ఏమొస్తుంది?

చలికాలమంతా ముసుగుతన్ని పడుకున్న బండ్లు ఏప్రిల్‌లో ఒక్కొక్కటే బయటికి వచ్చే ఊరు మాది. మిషిగన్‌లో, డెట్రాయిట్‌కు పడమటి దిక్కున. కార్ల కంపెనీలలో కొలువు చేసే తెలుగువాళ్ళకు ఇక్కడ కొదవ లేదు కనుక, వ్రతం భోజనాల దగ్గర మొదలైన మాట కూడా చివరికి కార్ల మీదికే మళ్ళుతుంది. మొన్న ఆదివారం మా మేనల్లుడు, తాను కొత్తగా కొన్న పాత కారును (2019 నాటి మాజ్దా ఎమ్.ఎక్స్-5, ఎర్రది) మా వాకిట్లో నిలిపి, చక్రానికీ దాని పైనున్న రేకుకూ మధ్య గుప్పెట దూర్చి చూపించాడు.

"చూడండి మావయ్యా, ఎంత ఖాళీయో! స్పోర్ట్స్ కారు ఇలా పంచె ఎగ్గట్టినట్టు నిలబడితే ఏం బాగుంటుంది? అంగుళం దించే స్ప్రింగులు తెప్పిస్తున్నాను. మలుపుల్లో ఒరగడం కూడా తగ్గుతుందట. మీరేమంటారు?"

ఆ పూట వాడికి సగం జవాబే చెప్పాను. మిగిలిన సగం ఇది. ఈ దారిన వచ్చే మిత్రులలో ఇదే ఊగిసలాటలో ఉన్నవారు ఒకరిద్దరైనా ఉండకపోరు.

ముందు ఒక పేరు సంగతి తేల్చుకోవాలి. మనమంతా షాకబ్జార్బరు అని పిలిచే వస్తువు నిజానికి అదురును మింగదు. మింగేది స్ప్రింగు. మింగిన తరువాత అది ఆగకుండా ఊగుతుంటే, ఆ ఊపును అణచేది షాకబ్జార్బరు. పేరొకరిది, పని ఒకరిది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపడేటట్టు కుదిర్చిన జోడీ. పొట్టి స్ప్రింగులు మాత్రమే కొని బిగించడమంటే జోడెద్దులలో ఒకదాన్ని మార్చి, రెండోదాన్ని అలాగే ఉంచి దున్నడం.

ఇక లెక్క. మచ్చుకు, ఒక కారు చక్రానికి పైకి లేవడానికి 60 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం. అది దాటితే రబ్బరులాంటి ఒక అడ్డు తగులుతుంది. మనం కారును 25 మిల్లీమీటర్లు దించాము. మిగిలిన చోటు 35. ఇదివరకు 60లో మింగిన అదురునే ఇప్పుడు 35లో మింగాలంటే స్ప్రింగు ఎంత బిరుసుగా ఉండాలి? స్ప్రింగు దాచుకొనే శక్తి అది నొక్కుకున్న దూరపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, టైర్ల వంతునూ షాకబ్జార్బరు వంతునూ పక్కన పెడితే, దాదాపు మూడు రెట్లు బిరుసు కావాలి. మూడు రెట్లు బిరుసైన దాన్ని వేస్తే రోజూ ఆ కారెక్కేవాడు ఎవడూ ఉండడు. అందుకని అమ్మేవాళ్ళు ఏ పాతిక ముప్పై శాతమో బిరుసు పెంచి ఊరుకుంటారు. మిగతా భారమంతా పోయి ఆ రబ్బరు అడ్డు మీద పడుతుంది.

అంతలో షాకబ్జార్బరు కష్టం మొదలవుతుంది. స్ప్రింగు 30 శాతం బిరుసెక్కితే, దాని ఊపును మునుపటిలాగే అణచాలంటే అణచే బలం సుమారు 14 శాతం పెరగాలి. పాత షాకబ్జార్బరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది తన పాత బలంతోనే కుస్తీ పడుతుంది.

"మరి మలుపుల్లో ఒరగడం తగ్గదా?" అని మావాడు అడిగాడు. తగ్గుతుంది. అయితే కంటికి కనబడే ఒరుగు వేరు, లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు వేరు. టైరు పట్టును నిర్ణయించేది రెండోది. అది కారు బరువు మీద, గురుత్వకేంద్రపు ఎత్తు మీద, చక్రాల నడుమ వెడల్పు మీద ఆధారపడుతుంది. గురుత్వకేంద్రం 460 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, 25 దించినప్పుడు తగ్గేది ఆ బరువులో అయిదు శాతం. లాభమే, కాదనను. కానీ దానికి మనం ఇచ్చుకున్నది చక్రం కదిలే చోటులో నలభై శాతం.

పదిహేనేళ్ళ కిందట నేనూ ఈ బేరం చేశాను. అప్పటి నా కారు వేరు. స్ప్రింగులు మాత్రమే మార్చి, నెల రోజులు దాన్ని వీధిలో నిలిపి వెనుదిరిగి చూసుకుంటూ నడిచాను. అడిగిన వాళ్ళకల్లా "హ్యాండ్లింగు కోసం" అని చెప్పాను. ఆ అక్టోబరులో ఒక సాయంత్రం వాన పడుతోంది. హైవే నుంచి దిగే వంపుదారిలో, మలుపు నడిమధ్యన, వంతెన అతుకు ఒకటి ఉంది. వెనుక చక్రాలు దాన్ని తాకి, ఉన్న కాస్త చోటూ అయిపోయి, అడ్డును గుద్దుకున్నాయి. ఎగిరిన వెనుకభాగం మళ్ళీ రోడ్డును పట్టుకోలేదు. కారు గిర్రున సగం తిరిగి, ఇనుప కంచెకు జానెడు దూరంలో ఆగింది. పక్క సీటులో మా ఆవిడ ఉంది.

దారి పొడుగునా తను ఏమీ అనలేదు. మర్నాడు కాఫీ ఇస్తూ, "ఆ స్ప్రింగులు ఎందుకు వేయించారు?" అని మాత్రం అడిగింది. హ్యాండ్లింగు కోసమని ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. అందం కోసమని ఒప్పుకోవడానికీ నోరు రాలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత చిన్నప్పటి నుంచి వింటున్నదే, అర్థమైనది మాత్రం ఆ పొద్దున.

మావాడి కారు నా పాతదాని కన్నా మేలురకం. ముందు డబుల్ విష్‌బోన్, వెనుక మల్టీలింకు. దించినంత మాత్రాన చక్రాల కోణాలు మరీ చెడిపోవు, చెడినా సరిదిద్దుకొనే ఏర్పాటు ఉంది. అయినా అది అలా మెత్తగా, కొంచెం ఎత్తుగా ఉండటం ఇంజనీర్ల ఏమరుపాటు కాదు. 1989లో తొలి ఎమ్.ఎక్స్-5 వచ్చినప్పటి నుంచీ దాని తయారీదారులు చెప్పుకొనే మాట 'జిన్బా ఇత్తాయ్'. గుర్రమూ రౌతూ ఒకటే అని. గుర్రం ఒళ్ళు కదిలితేనే కదా రౌతుకు దాని మనసు తెలిసేది! దానికి స్ఫూర్తినిచ్చిన లోటస్ ఎలాన్ (1962) కూడా మెత్తని స్ప్రింగులకే పేరుపడ్డ కారు.

2015లో ఈ తరం అమ్మకానికి వచ్చినప్పుడు, మరీ ఒరుగుతోందని విమర్శకులు గొణిగారు. దానికి మాజ్దా తరువాత చెప్పిన జవాబు గమనించదగ్గది. 2022 మోడలులో, గట్టి మలుపులో లోపలివైపు వెనుక చక్రానికి అతి తేలికగా బ్రేకు తగిలేటట్టు ఒక ఏర్పాటు చేశారు. అది లేవబోయే ఒంటిని కిందికి లాగి పట్టుకుంటుంది. కారు బరువు పెరగలేదు. స్ప్రింగుల జోలికి పోనక్కర లేకపోయింది.

అలాగని ఎవరూ ఎప్పుడూ దించవద్దని నా వాదన కాదు. ఒరుగే బాధ అయితే ముందు మంచి టైర్లు, తరువాత చక్రాల కోణాలు, ఆ తరువాత మందమైన యాంటీరోల్ బారు. వీటిలో వేటికీ చక్రం చోటు పోదు. ఆటోక్రాస్ సరదా ఉంటే, స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నిబంధనలలో స్ట్రీట్ తరగతికి స్ప్రింగులు మార్చకూడదన్న సంగతి ముందే తెలుసుకోవాలి. మారిస్తే మరింత సాధన చేసిన కార్లతో పోటీ పడాల్సి వస్తుంది. అన్నీ తెలిసీ దించాలనే ఉంటే, స్ప్రింగులతో పాటు వాటికి తగిన షాకబ్జార్బర్లకూ, కొత్త రబ్బరు అడ్డులకూ, కోణాల సవరింపుకూ డబ్బు సిద్ధమయ్యాకే దించాలి. సగం డబ్బుతో సగం పని మాత్రం వద్దు. మంచు కరిగాక మా మిషిగన్ రోడ్ల మీద తేలే గుంతలు సగం పనిని క్షమించవు.

అందం కోసమే దించుకుంటానంటారా? అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మెడలో గొలుసు వేసుకునేవాడిని దాని హ్యాండ్లింగు ఎలా ఉందని ఎవరూ అడగరు. కానీ అందానికి కొన్న వస్తువును భద్రతకు కొన్నదని నమ్మి, ఆ నమ్మకంతో వానలో వేగంగా మలుపు తిరగడం ఉంది చూశారూ, ప్రమాదమల్లా అక్కడే. నేను చేసిన తప్పు స్ప్రింగులు మార్చడం కన్నా అదే ఎక్కువ.

మావాడు ఇంకా తేల్చుకోలేదు. "ఒరేయ్, కొనేముందు ఒక్కసారి మీ అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకొని ఆ వంపుదారిలో తిప్పుకొని రా" అన్నాను. వాడు నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు.

మీలో ఎవరైనా ఈ పని చేసి, నాకు భిన్నమైన అనుభవం పొంది ఉంటే తప్పక చెప్పండి. వాడికి చూపిస్తాను.