యవనుల పెరుగు పచ్చడి
సికింద్రాబాదునుండి ఒక సోదరి వ్రాసిన లేఖలో రెండు ప్రశ్నలు గలవు. ఆమె కుమారుడు హోటలులో రొట్టెతోబాటు వడ్డించిన తెల్లని పెరుగు పచ్చడి యొకటి రుచి చూచి, అట్టిది యింట గావలెనని పట్టుబట్టుచున్నాడట. అందుకు గావలసిన 'గ్రీకు యోగర్టు' డబ్బా వెల విని యామె దుకాణమునుండి వట్టి చేతులతో మరలి వచ్చినది. మన యింటి పెరుగుతో దీనిని జేయవచ్చునా యనునది మొదటి ప్రశ్న. రెండవది యింతకంటె ముఖ్యమైనది. వారి యత్తగారికి ఎముకలు గుల్లబాఱినవని వైద్యులు చెప్పిరట. నీళ్లు తీసిన యీ పెరుగే ఎముకలకు మేలని యిరుగుపొరుగువారు చెప్పగా, ఇకమీదట మామూలు పెరుగు మాన్పించి దీనినే పెట్టుదునా యని యామె యడుగుచున్నది. వంటను ముందు జెప్పి ఎముకల మాట పిదప జెప్పెదను. ఏలయన, ఆ ప్రశ్నకు సమాధానము వంటలోనే యున్నది.

ఈ పచ్చడి పేరు త్సత్సీకి. పలుకుటకు నాలుక తిరుగనిచో యవనుల పెరుగు పచ్చడి యనుకొన్నను దోషము లేదు. గ్రీకులను మన పూర్వులు యవనులనియే పిలిచిరి. శాకుంతలమున దుష్యంతుని పరివారములో విల్లు ధరించి వచ్చు యవనస్త్రీలను చదువరులెఱుగుదురు. పేరు మాత్రము తురుష్కులనుండి గ్రీకులకు వచ్చినది. తురుష్కులు దీనినే పలుచగా జేసికొని జాజిక్ అందురు. ఇరానీయులు 'మాస్త్ ఓ ఖియార్' అందురు. మాస్త్ అనగా పెరుగు, ఖియార్ అనగా కీరదోస. సంస్కృతమున పెరుగు మీది తేటకు 'మస్తు' అని పేరు. ఈ రెండు మాటలు అప్పచెల్లెండ్ర పేరులవలె చెవికి వినబడును. ఉత్తరాదివారి రాయతాయు, మన పెరుగు పచ్చడియు నీ కుటుంబములోనివే.

మన పచ్చడికిని దీనికిని భేద మెక్కడ? మనము పెరుగును గిలకొట్టి, ముక్కలు కలిపి, ఆవాలు, ఎండుమిరప, ఇంగువలతో తాలింపు పెట్టుదుము. కొంచెము నీరు విడిచినను అన్నములో గలిసిపోవును గనుక బాధ లేదు. యవనుల పచ్చడికి తాలింపు లేదు, అన్నము లేదు. రొట్టె ముక్కతో ముంచి తీసిన జాఱక నిలువవలెను. కావున పెరుగులోని నీరు, కీరదోసలోని నీరు, ఈ రెండు నీళ్లను ముందుగా దీసివేయుటయే యిందలి పని యంతయు. తక్కినది కలుపుటయే.

మా సోదరి మోండా మార్కెట్టునకు సమీపమున గాపురమున్నదట. ఆమె యదృష్టవంతురాలు, కూరల కామె దూరము పోనక్కఱలేదు. అయితే అచ్చట 'దోసకాయ' యని యడిగినచో పప్పునకును దోసావకాయకును వాడు గుండ్రని పసుపుపచ్చ కాయ చేతబెట్టుదురు. ఆ కాయకు బులుపును, గట్టి గింజలును గలవు, దీనికి బనికిరాదు. 'కీర' యని యడుగవలెను. సన్నగా, నిటారుగా, ముదురు పచ్చగా, వ్రేలితో నొక్కిన లొంగక యుండు కాయలను ఏరుకొనవలెను. లావుపాటి కాయ చూచుటకు లాభముగా దోచును గాని కోసిన పిమ్మట గింజలును నీరునే మిగులును. పసుపు తిరిగినదానిని ముట్టనే వలదు. ఇంటికి వచ్చినంతనే తొడిమవైపు చివర కోసి నాలుకకు దాకించి చూడవలెను. చేదు సాధారణముగా నచ్చటను, తొక్కలోను హెచ్చుగా నుండును. చివర దీసి, తొక్క చెక్కిన పిదపగూడ చేదు పోనిచో నా కాయను బాఱవేయుడు. కాయకై మొగమాటపడి పెరుగంతయు జెఱచుకొనుట గృహిణికి దగదు.

ఆకుకూరల యంగడిలో సోయకూర యొక కట్ట తీసికొనుడు. ఈకలవలె సన్నని యాకులు, సోంపును దలపించు వాసన గలది. సంస్కృతమున దీనికి శతపుష్ప యని పేరు. గ్రీకులు ఈ పచ్చడిలో వేయునది దీని జాతిదే. మన యాడువారు కొందఱు దీనిని బప్పులో వేయుట తప్ప వేఱొకటి యెఱుగరు. సోయకూర దొరకని నాడు పుదీనా వేయవచ్చును. కొత్తిమీర వేసినచో వెంటనే మన పచ్చడి వాసన వచ్చును; అది చెడ్డది కాదు గాని పిల్లవాడు కోరినది యదికాదు.

ఇక పెరుగు. చిక్కని పాలు ఒక లీటరు కాచి, పొంగిన తరువాత సన్నని సెగపై పది నిమిషములు కలియబెట్టుచు నుంచవలెను. ఇట్లు మఱగిన పాలు గట్టిగా దోడుకొనును. వ్రేలు పెట్టిన నోర్చుకొనగల వెచ్చదనమునకు జల్లాఱిన పిమ్మట ఒక చెంచాడు తీయని పెరుగు తోడు వేయుడు. వేసవిలో ఐదాఱు గంటలకు దోడుకొనును. తోడుకొన్నంతనే, పులియకముందే, ఉతికి యెండలో నార్చిన పలుచని నూలుగుడ్డలో బోసి మూటగట్టి, జల్లెడలో నుంచి, క్రింద గిన్నె పెట్టి ఫ్రిజ్జులో నుంచవలెను. పూర్వము కొక్కెమునకు వ్రేలాడగట్టెడివారు. చలికాలమున నట్లు చేయవచ్చును, వేసవిలో నది పులియును. నాలుగైదు గంటలకు సుమారు నాలుగువందల గ్రాముల గట్టి పెరుగు గుడ్డలో మిగులును. మహారాష్ట్రులు శ్రీఖండమునకు వాడునది యిదియే. దుకాణములో డబ్బాలో నమ్మునదియు దాదాపుగా నిదియే; కొన్ని డబ్బాలలో మాత్రము వడగట్టుటకు మాఱుగా పాలపొడియో పిండియో కలిపి గట్టిపఱచుదురు గనుక పై చీటి చదువక కొనరాదు. విడిగా నమ్ము పెరుగుపై ననుమానము కలిగినచో, ఒక చెంచాడు వేఱుగా దీసి దానిపై టింక్చరు అయొడిను చుక్క వేసి చూడుడు. నీలివన్నెకు దిరిగినచో బిండి కలిసినదన్నమాట. పరీక్షించిన పెరుగు తినరాదు.

పెరుగు వడియుచుండగా కీరదోస పని చూడవలెను. రెండు నడితరపు కాయలను కడిగి, తొక్క చెక్కి, నిలువుగా జీల్చి, గింజలను చెంచాతో దీసివేసి తురుముడు. అర చెంచాడు ఉప్పు కలిపి అరగంట విడిచిన, ఉప్పు కాయలోని నీటిని వెలికి లాగును. అప్పుడు గుడ్డలో వేసి పిడికిట గట్టిగా బిండవలెను. ఎంత నీరు వచ్చునో చూచినవారికే నమ్మకము కలుగును. ఈ పిండుటలో జాలిపడినచో గంటకెల్ల పచ్చడి మజ్జిగ యగును.

గట్టి పెరుగులో నీ తురుము, మెత్తగా నూఱిన వెల్లుల్లి రెండు పాయలు, సన్నగా దఱిగిన సోయకూర రెండు చెంచాలు, సిర్కాయో నిమ్మరసమో యొక చెంచాడు వేసి గరిటెతో గలుపుడు. మిక్సీలో వేయరాదు, వేసిన బెరుగు నీరగును. తురుములో నుప్పున్నది గనుక రుచి చూచిన పిమ్మటనే మఱల నుప్పు వేయవలెను. గ్రీకులు పైన ఆలివు నూనె రెండు చెంచాలు పోయుదురు. అది ప్రియమైనది. దానికి బదులు నువ్వులనూనె పోయుమని యొకరు చెప్పగా వింటిని. ఆ వాసన తక్కినవానినన్నిటిని మ్రింగివేయును. గేదెపాల పెరుగునకు వెన్న చాలినంత యున్నది, నూనె లేకున్నను లోటు తెలియదు. కలిపిన తరువాత గంటసేపు ఫ్రిజ్జులో నుంచిన వెల్లుల్లి ఘాటు సర్దుకొనును.

ఇప్పుడు ఆ గిన్నెలోని తేటను జూడుడు. లీటరు పాలకు సగమునకు బైగా నదియే. లేత పసుపు కలిసిన యాకుపచ్చ వన్నె రైబోఫ్లేవిన్ అను విటమిను వలన గలిగినది. పాలు పులియునపుడు వానిలోని సున్నపు పదార్థము, అనగా కాల్షియము, ఆ పులుపునకు గరగి నీటిలో జేరును. గుడ్డలో మాంసకృత్తు మిగిలి చిక్కబడును. అందువలన గట్టి పెరుగు బలకరమే. శాకాహారులకు, ఆకలి తగ్గినవారికి, కొంచెమే తినగల వృద్ధులకు మంచిది. పాల చక్కెరయు గొంత తేటతో బోవును గనుక పాలు సరిపడనివారికి దేలికగా నుండవచ్చును. కాని కాల్షియములో సగమునకు మించి తేటలోనికి బోయినది. ఆ సోదరి యత్తగారికి గావలసినది గిన్నెలో నున్నది, గుడ్డలో లేదు.

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన పట్టిక ప్రకారము, నెలసరి నిలిచిన స్త్రీలకు దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము వలయును. పెద్దవారైన తక్కిన స్త్రీలకు సాధారణముగా 1000. కావున అమ్మా, మీ యత్తగారికి మామూలు పెరుగు మాన్పింపకుడు. పచ్చడి వారికి రుచించినచో వేడుకకు బెట్టుడు. ఆ తేటను మాత్రము పాఱబోయకుడు. దానితో గోధుమపిండి తడుపుడు, పప్పులో నీటికి బదులు పోయుడు, అల్లము కరివేపాకు వేసి చల్లగా ద్రాగనిండు. మస్తువు లఘువనియు, స్రోతస్సులను శుద్ధి చేయుననియు వాగ్భటుడు చెప్పియున్నాడు. గ్రీకు యోగర్టును బెద్దయెత్తున జేయు అమెరికా కర్మాగారములవారికి ఈ తేటను వదిలించుకొనుటయే పెద్ద చిక్కైనది. కాలువలలో విడిచిన నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును. మన యింట నొక గిన్నెడే గదా, పిండిలో నడగును. ఇంతయు జెప్పితినని వైద్యులిచ్చిన మందు మాత్రము మానిపింపరాదు; పెరుగు తేట మందునకు బదులు కాదు.

నిలువయుంచుటలో జాగ్రత్త వలయును. ఇది వండినది కాదు, పచ్చి కాయ కలిసినది. ఎండలు 32 డిగ్రీలు దాటిన దినములలో గంటకు మించి, తక్కిన దినములలో రెండు గంటలకు మించి బయట నుంచరాదు. ఫ్రిజ్జులో రెండు మూడు దినములు నిలుచును. పైన నీరూఱినచో వంచి కలుపుకొనవచ్చును. రాత్రి పెరుగు తినరాదని చరకుడు చెప్పిన నియమమును బాటించు నిండ్లలో దీనిని మధ్యాహ్నమే వడ్డించుట మేలు.

వెల్లుల్లి తినని యింటివారు దానికి మాఱుగా కొంచెము అల్లము తురుము వేసికొనవచ్చును. గ్రీకులు వేయించిన వంకాయ ముక్కలతోను దీనిని దిందురు. మన యింట వేడి జొన్నరొట్టెతో పెట్టి చూడుడు. హోటలు రొట్టెకంటె నదియే బాగుండునని నా యభిప్రాయము.