ఏ నీళ్లలో?

మా ఫైనలియర్ ప్రాజెక్ట్ హైడ్రోజెల్ ఎంత ఉబ్బుతుందో లెక్కగట్టడం. 1943 నాటి ఫ్లోరీ–రేనర్ సమీకరణం వాడాం. నీళ్లు లోపలికొచ్చేకొద్దీ పాలిమర్ గొలుసులు సాగుతాయి, ఆ సాగుడు నీటిని ఆపగలిగిన చోట ఉబ్బు ఆగుతుంది. ఉష్ణోగ్రత మార్చి చూశాం. గ్రాఫ్ భలే నున్నగా వచ్చింది.

సెలవులకి హనుమాన్ జంక్షన్‌లో మా ఇంటికెళ్లినప్పుడు, డైపర్‌లో ఉండే పొడిని రెండు గ్లాసుల్లో వేశా. ఒకదాంట్లో క్యాన్ నీళ్లు, రెండోదాంట్లో అవే నీళ్లలో చెంచాడు ఉప్పు. మొదటిది గ్లాసు నిండా పొంగింది. రెండోది అడుగునే ఉండిపోయింది.

ఆ పొడి లోపల సోడియం అయాన్లుంటాయి. బయట అయాన్లు తక్కువ ఉంటేనే నీళ్లు లోపలికి పరిగెత్తుతాయి. బయటా ఉప్పుంటే ఆ తేడా తగ్గిపోతుంది. మా సమీకరణంలో అయాన్ల పదమే లేదు!

ఇది మార్కుల గొడవ కాదు. పొలంలో తేమ నిలపడానికి పూసా హైడ్రోజెల్ లాంటివి వచ్చాయి. ఒక్కో జెల్ ఉప్పుని ఒక్కోలా తట్టుకుంటుంది. ఇక్కణ్ణుంచి గుడివాడ మీదుగా బందరు వైపు పోతే, తీరం దగ్గర ఉప్పు నేలలున్నాయి. డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన 'వందల రెట్లు' అంకె నమ్మి అక్కడి రైతు డబ్బు పెడితే?

అందుకే నేననేది ఒక్కటే. ఎంత ఉబ్బిందో రాసే ముందు, ఏ నీళ్లలో ఉబ్బిందో రాద్దాం.