నల్లగింజ ఎవరి తప్పు?

మొన్నామధ్య భోజనాల దగ్గర మా ఇంట్లో చిన్న పంచాయితీ నడిచింది. అమ్మ కంచంలో ఒక నల్లగింజ వచ్చింది. ఒక్కటే. ఆవిడ దాన్ని చూపుడువేలితో కంచం అంచుకి నెట్టి, ‘‘సార్టెక్స్ బియ్యం అంటూ కిలోకి అంతంత పోసి తెచ్చారు కదరా, ఇదేమిటి మరి?’’ అంది. మా ఆవిడ కొట్టువాడిది తప్పంది. ‘‘మిషన్ కదా నానమ్మా, కరెంటు పోయుంటుంది’’ అని మావాడు తీర్పు చెప్పేశాడు. నేను మా మేనల్లుడికి ఫోన్ చేశాను. తణుకు దగ్గర ఒక రైస్‌మిల్లులో పదకొండేళ్లుగా వాడు సార్టెక్స్ ఆపరేటర్.

‘‘ఒక్క గింజేనా మామయ్యా? అయితే పర్లేదు. నాలుగైదు వస్తే మాత్రం అక్కడ ఎవడో అద్దం తుడవలేదన్నమాట’’ అన్నాడు.

కోట్ల రూపాయల మిల్లులో అద్దం తుడవడమేమిటో నాకు బోధపడలేదు. మరుసటి వారం ఆ పక్కన పెళ్లికి వెళ్లాల్సి ఉండడంతో ఒక పూట ముందే బయల్దేరి వాడి మిల్లు చూసొచ్చాను.

ముందు ఆ పేరు సంగతి. సార్టెక్స్ అనేది బియ్యం రకం కాదు, ఓ కంపెనీ పేరు. లండన్‌లో పుట్టిన ఆ కంపెనీ రంగునుబట్టి గింజల్ని వేరుచేసే యంత్రాలు చేసేది. తర్వాత స్విట్జర్లాండ్‌కు చెందిన బ్యూలర్ సంస్థలో కలిసిపోయింది. ఇప్పుడు చైనావి, జపాన్‌వి, కొరియావి, మన దేశంలో తయారైనవి ఎన్నో వచ్చినా మన మిల్లుల్లో అన్నిటికీ అదే పేరు. వనస్పతిని డాల్డా అన్నట్టే. మావాడి మిల్లులో ఉన్నది వేరే కంపెనీది. వాడు కూడా సార్టెక్స్ అనే అంటాడు.

బయటినుంచి చూస్తే అదొక పెద్ద బీరువా. పైన బియ్యం పడే తొట్టి. దాని కింద ఏటవాలుగా అల్యూమినియం జారుడుబల్లలు. తొట్టి కింద ఉన్న వైబ్రేటర్ గడగడమంటూ బియ్యాన్ని కొద్దికొద్దిగా వదులుతుంది. గింజలు పల్చటి తెరలా జారి బల్ల అంచు దాటి గాల్లోకి వస్తాయి. సరిగ్గా అక్కడ, ముందొకటి వెనకొకటి కెమెరాలు కాపు కాస్తుంటాయి. మచ్చ ఒక పక్కనే ఉన్నా దొరికిపోవాలి కదా, అందుకని రెండు వైపులా.

ఈ కెమెరా మన పెళ్లి ఫొటోలు తీసే రకం కాదు. మొత్తం బొమ్మను ఒకేసారి తీయదు. సన్నటి గీతంత మేరే చూస్తుంది. ఓరగా తెరిచిన తలుపు సందులోంచి వీధిలో పోయే ఎద్దులబండిని చూస్తే ముందు కొమ్ములు, తర్వాత మూపురం, ఆ తర్వాత చక్రం కనిపిస్తాయి చూడండి, అలాగన్నమాట. కెమెరా కదలదు, గింజే దాని ముందునుంచి కిందికి పోతుంది. ఒక్కో గీతలో వేల చుక్కలుంటాయి. 30 సెంటీమీటర్ల వెడల్పున్న బల్లను 2,048 చుక్కలుగా చూసే కెమెరా అయితే చుక్కకి మిల్లీమీటరులో ఏడో వంతు వస్తుంది. గింజ కొసనున్న నల్లచుక్క సైతం దాని కంట పడుతుందంటే అందుకే. ఇలా కాంతిని అంకెలుగా మార్చే సీసీడీ అనే చిప్పుకి 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపమిచ్చారు. అందుకు 2009లో వారికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వాళ్ల చిప్పు ఎక్కడో తణుకు పక్కన తవుడు దుమ్ములో కూర్చుని మెరికలు ఏరుతుందని వాళ్లు ఊహించి ఉంటారా అనిపించింది నాకు.

చెడ్డ గింజ కనబడగానే కింద వరసగా ఉన్న సన్నటి గొట్టాల్లో దానికి ఎదురుగా ఉన్నది ‘టప్’మని గాలి ఊదుతుంది. గింజ పక్క తొట్టిలోకి ఎగిరిపడుతుంది. జారే గింజ వేగం సెకనుకి మూడు మీటర్లు, చూసే చోటునుంచి ఊదే చోటు ఆరు సెంటీమీటర్లు అనుకోండి. చూసి, తేల్చుకుని, ఊదడానికి యంత్రానికి దొరికేది సెకనులో యాభయ్యో వంతు. సాంబమసూరి లాంటి సన్నబియ్యం కిలోకి 80 వేలనుంచి లక్ష గింజల దాకా తూగుతాయి. గంటకి నాలుగు టన్నులు ఆడే మిల్లులో సెకనుకి కిలో పైనే దాని ముందునుంచి పోతోంది. మా అమ్మకి ఈ లెక్క చెబితే, ‘‘పాపం’’ అంది. యంత్రాన్ని చూసి జాలిపడ్డ మనిషిని అదే చూడడం.

ఇంత చేసే యంత్రం దేనికి ఓడిపోతుందని అడిగితే మావాడు జేబులోంచి తెల్లటి మెత్తటి గుడ్డ తీసి చూపించాడు.

కెమెరాకీ గింజలకీ మధ్య ఒక అద్దం ఉంటుంది. తవుడులో నూనె ఉంటుంది కదా, ఆ దుమ్ము వచ్చి అద్దం మీద సన్నటి జిడ్డులా పట్టేస్తుంది. యంత్రంలో వైపర్ ఉంటుంది, కారు అద్దానికి ఉన్నట్టే, కొన్ని నిమిషాలకోసారి తుడుస్తుంది. కానీ దాని రబ్బరు అరిగితే తుడవడం మానేసి పులమడం మొదలుపెడుతుంది. అందుకని షిఫ్ట్ మారినప్పుడల్లా చేత్తో తుడవాలి. దానికీ ఒక వరస ఉంది. ముందు గాలితో పొడి దుమ్ము ఊదెయ్యాలి. ఆ తర్వాతే గుడ్డ. ఎండు దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దితే అందులో ఉన్న ఇసుక రేణువు అద్దాన్ని గీసేస్తుంది, ఆ గీత ఇక పోదు. కిరసనాయిలు, సబ్బునీళ్లు జారుడుబల్ల మీద కూడా వాడకూడదు. ఇంకొకటి, కెమెరా ఉన్న గది మూతని మిల్లులో ఎవరూ తెరవకూడదు. అసలు కన్ను అక్కడుంది. అక్కడ పడ్డ దుమ్ము తీయాలంటే కంపెనీ మనిషి రావలసిందే.

బిగించేటప్పుడే సగం తలనొప్పి తప్పించుకోవచ్చంటాడు వీడు. పాలిషర్, ఎలివేటర్ ఉన్న నేల మీదే దీన్నీ పెడితే ఆ అదురుకి కెమెరా చూపు వణుకుతుంది. దీనికి వేరే దిమ్మె, వేరే స్టాండు కావాలి. కరెంటుకి స్టెబిలైజర్, యూపీఎస్, మంచి ఎర్తింగ్ ఉండాలి. గాలి అయితే మరీ పేచీకోరు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో తేమ, నూనె ఉంటాయి. ఎయిర్ డ్రయ్యర్, ఫిల్టర్లు పెట్టకపోతే ఆ తడి తవుడుతో కలిసి గొట్టం నోట్లో జిగురులా గడ్డకడుతుంది. రోజూ పొద్దున్నే ట్యాంకు అడుగున నీళ్లు వదలడం వాడి మొదటి పని. చలికాలంలో చెంబెడు వస్తాయట. ఇక ఎలుకలు! బియ్యం ఉన్నచోట అవి ఉండకుండా పోవు. ఒకసారి కెమెరా వైరు కొరికేశాయట. వారం రోజులు బోర్డు మార్చాలి, సాఫ్ట్‌వేర్ మార్చాలి అని అందరూ తలలు పట్టుకున్నాక ఒక హమాలీ చూసి చెప్పాడట.

యంత్రం వేయగానే బియ్యం వదలరు. పావుగంట, ఇరవై నిమిషాలు లైట్లు వెలిగించి ఉంచుతారు. వెలుగు నిలకడపడాలి. అప్పుడు తెల్లటి పట్టీ ఒకటి కెమెరా ముందుకు వస్తుంది. ‘తెలుపంటే ఇదీ’ అని కెమెరాకి పాఠం చెప్పడమే దాని పని. ఒక చుక్క కాస్త మసకగా చూస్తోంటే యంత్రం దాన్ని ఎత్తి మిగతావాటితో సమానం చేసుకుంటుంది. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. గింజల వెనకాల కనిపించే పలక రంగుని కూడా మంచి బియ్యం రంగుకి దగ్గరగా పెడతారు. అప్పుడు మంచి గింజ ఆ పలకలో కలిసిపోయి అసలు లేనట్టే ఉంటుంది, చెడ్డది మాత్రమే పైకి తేలుతుంది. నాకు భలే నచ్చింది ఇది. మంచివాడు కనబడకుండా పోయేది మన ఊళ్లలోనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఈ పాఠం చెప్పడంలోనే మావాడు తన మొదటి ఏడాది ఒక రాత్రి దెబ్బతిన్నాడు. సాయంత్రం షిఫ్ట్. మూడో బల్ల అద్దం మీద ఒక మూల బొటనవేలంత జిడ్డు మరక మిగిలిపోయింది. చూసుకోకుండా కాలిబ్రేషన్ కొట్టేశాడు. ఆ మూల చుక్కలకి తెలుపు మసకగా కనిపించింది కాబట్టి యంత్రం వాటిని గట్టిగా ఎత్తింది. అర్ధరాత్రి ఎందుకో గుర్తొచ్చి అద్దం శుభ్రంగా తుడిచాడు. పాఠం మాత్రం మళ్లీ చెప్పలేదు. ఇంకేముంది, ఆ మూల చుక్కలు ఇప్పుడు ఉన్నదానికంటే తెల్లగా చూడడం మొదలుపెట్టాయి. పచ్చగింజ వాటికి తెల్లగింజే. వేలెడు వెడల్పున పచ్చగింజలన్నీ మంచి బియ్యంలోకి దిగిపోతున్నాయి.

శాంపిల్ తీసి చూస్తే గింజలు తగులుతున్నాయి. వీడు చేసిందేమిటంటే సెన్సిటివిటీ పెంచాడు. మళ్లీ తగిలాయి, మళ్లీ పెంచాడు. ఆ మూల చుక్కలు తప్ప మిగతా అన్నీ చాదస్తంగా తయారై మంచి బియ్యాన్ని కూడా ఊదిపారేశాయి. తెల్లారేసరికి రిజెక్ట్ బస్తాలు గుట్టపడ్డాయి, అందులో సగానికి సగం మంచి గింజలే. ఇటు పంపిన సరుకేమో పచ్చగింజలున్నాయని కొన్నాయన తిప్పి పంపాడు. రెండువైపులా నష్టం.

‘‘ఓనర్‌గారు తిట్టలేదు మామయ్యా. తిడితే బాగుండేది. రిజెక్ట్ బస్తా ముందు కూర్చోబెట్టి, పిడికెడు తీసి మంచివెన్నో చెడ్డవెన్నో లెక్కపెట్టమన్నారు. మూడుసార్లు లెక్కపెట్టించారు’’ అన్నాడు. ఇప్పటికీ గంటకోసారి ఆ పిడికెడు లెక్క మానడు. మంచి బియ్యం వైపు అందరూ చూస్తారు, రిజెక్ట్ వైపు చూసేవాడే ఆపరేటర్ అన్నది వాడి ఉద్దేశం. నేను చూసినప్పుడు ఒక తెల్ల పళ్లెంలో గింజలు పరిచి వేలితో అటూ ఇటూ నెడుతున్నాడు. అచ్చం వాళ్ల అమ్మమ్మ.

రిజెక్ట్ గురించి అంత పట్టింపు దేనికంటే, అది కోళ్ల మేతకో పశువుల దాణాకో తక్కువ ధరకి పోతుంది. ప్రభుత్వం ఇచ్చిన ధాన్యం ఆడే మిల్లు క్వింటాలుకి 67 కిలోల పచ్చి బియ్యం లెక్క అప్పజెప్పాలి. అందులో రంగు మారిన గింజలు నూటికి 3కి మించకూడదు, ఉప్పుడు బియ్యమైతే 5. గట్టిగా ఏరితే తూకం తగ్గుతుంది, వదిలేస్తే సరుకు తిరిగొస్తుంది. ఈ రెంటి మధ్యా సన్నటి గీత మీద ఆపరేటర్ నడవాలి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతల మీదున్న చేలు, కళ్లాల్లోని రాశులు తడిసిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తడిసిన ధాన్యం ఆడిస్తే బియ్యం పచ్చబడి వస్తాయి. అప్పుడు పాత సెట్టింగులు పనికిరావు. ప్రతి లాటుకీ పలక రంగు, సెన్సిటివిటీ మళ్లీ సరిచూసుకోవాలి, గింజ మీద గింజ పడి దాక్కోకుండా పారుదల తగ్గించాలి. గంటకి నాలుగు టన్నుల యంత్రం రెండున్నరకి పడిపోయిందట. ‘‘మిగతావాళ్లకి ఓపిక లేక సెట్టింగ్ బిగించి వదిలేస్తే రిజెక్ట్ ఎక్కువొస్తుంది. అప్పుడు ఓనర్ ఏమంటాడు? తడిసిన ధాన్యం మాకొద్దంటాడు, లేదా బస్తాకి ఇంత కోత అంటాడు. ఆ కోత ఎవడిది? రైతుది. వాడేమో నాకు వరసకి బాబాయి’’ అన్నాడు. ఆ నెలంతా ఇంటికి భోజనానికి కూడా సరిగా రాలేదని మా అక్క ఇప్పటికీ సాధిస్తుంది.

తిరిగొచ్చాక ఇదంతా అమ్మకి చెప్పాను. మా చిన్నప్పుడు ఏడాది బియ్యం వచ్చాయంటే వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లని కూర్చోబెట్టుకుని బాగుచేయించేది. పొద్దుటెండ పడే చోటే కూర్చోవాలి, మబ్బు పడితే లేచిపోవాలి. చేటలో గుప్పెడు గుప్పెడే పోసుకోవాలి, కుప్ప పోస్తే కోప్పడేది. సాంతం విని, ‘‘మరి కళ్లజోడు తుడుచుకోకుండా ఎవరైనా బియ్యం ఏరతారా?’’ అంది.

మీ ఇంట్లో కూడా సార్టెక్స్ బియ్యం మీద పంచాయితీ వస్తే ఒకటి రెండు విషయాలు పనికొస్తాయి. ఈ యంత్రం చూసేది ముఖ్యంగా రంగునే. తెల్లటి నూక దానికి మంచి గింజే, దాన్ని తీయడానికి మిల్లులో వేరే జల్లెళ్లున్నాయి. బియ్యం పాతవా కొత్తవా అన్నది దానికి తెలియదు. లోపల పురుగు గుడ్డు ఉందా లేదా అన్నదీ తెలియదు. కాబట్టి డబ్బాలో వేపాకు వేయడం మానక్కర్లేదు. సంచీ కొన్నప్పుడు మాత్రం పైనున్నవి చూసి ఊరుకోక అడుగునుంచి ఒక గుప్పెడు తీసి తెల్లకాగితం మీద పల్చగా పరిచి కిటికీ దగ్గర చూడండి.

మావాడు వచ్చే పండక్కి అమ్మమ్మకి అయిదు కిలోలు తెస్తానన్నాడు, తన షిఫ్ట్‌లో ఆడినవే. ఆవిడ అప్పుడే చేట దులిపి పెట్టుకుంది.