వేలిముద్ర మనది, మిషన్ ఎవరిది?

మన తాతల కాలంలో దొర గడీలో ఒక కాగితం ఉండేది. దాని మీద ఏం రాసి ఉందో తాతకు తెలియదు. పట్వారీ చదివి వినిపించిందే అందులోని సంగతి. చదివింది వంద, రాసింది మూడొందలు. తాత బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తించేవాళ్లు. ఆ ఒక్క ముద్రతో తాత జీతగాడయ్యాడు, తాత కొడుకూ జీతగాడయ్యాడు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. 1984లో పటేల్ పట్వారీల కొలువులు పోయాయి. కాగితం పోయింది, సిరా డబ్బా పోయింది. బొటనవేలు మాత్రం మిగిలింది. ఇవాళ ఆ వేలును అగ్గిపెట్టెంత మిషన్ మీద పెట్టమంటున్నారు.

భూమి సమస్య ఉండగా, శ్మశానం సమస్య ఉండగా, సెల్‌ఫోన్ల మీద సంపాదకీయమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. మా జవాబు ఒకటే. పింఛను, కూలి బ్యాంకు ఖాతాలో పడుతున్నాయి. రేషన్ బియ్యం వేలిముద్రకు వస్తున్నాయి. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి హాజరును కూడా ఫోన్ ఫోటోల కిందికి తెచ్చారు. రోజుకు రెండు ఫోటోలు. ఎండలో గుంత తవ్విన మనిషికి సిగ్నల్ అందకపోతే తవ్విన గుంత లెక్కలోకి రాలేదు. మన కష్టం ఏ దారిన ఇంటికి వస్తున్నదో ఆ దారి మన చేతిలో లేకపోతే, దారిలో కూర్చున్నవాడే దొర అవుతాడు. ఇది భూమి సమస్యకు తమ్ముడే గాని పరాయిది కాదు.

జరిగిన సంగతి ఒకటి చెప్తాం. మా వాడలో ఒక పెద్దమ్మ ఉంది. భర్త లేడు, కొడుకు పట్నంలో అడ్డా కూలి. ఆమె ప్రతి నెలా వేలిముద్ర మిషన్ పెట్టుకున్నాయన దగ్గర డబ్బు తీసుకునేది. ఒక నెల ఆయన "సర్వర్ లేదు, మళ్లా వేలు పెట్టు" అన్నాడు. పెట్టింది. రెండు వేలు చేతికిచ్చాడు. పై నెల బ్యాంకుకు పోయి పాసుబుక్కు కొట్టిస్తే, ఆ రోజు రెండు వేలు ఒక్కసారి కాదు, రెండుసార్లు తీసినట్టు పడింది. "ఎందుకు అడగలేదమ్మా?" అన్నాం. "మిషన్ మాట్లాడదు గద సారూ, ఆయన చెప్పిందే నేను విన్న" అంది. పట్వారీ చదివిందే విన్న తాతకు, ఈ అమ్మకు తేడా ఎంత?

పాసుబుక్కు పట్టుకొని వాడ నుంచి పదిమందిమి పోయాం. ఆయన మొదట బుకాయించాడు, తర్వాత పొరపాటన్నాడు, చివరికి రెండు వేలు తెచ్చి అందరి ముందూ ఇచ్చాడు. గెలిచామనుకున్నాం. కాని ఇంటికొచ్చి మా జేబు డైరీ తెరిస్తే నోరు పడిపోయింది. వాడకట్టులో 11 మంది ఏటీఎం పిన్నులు, ఫోన్ పిన్నులు మా చేతిరాతతో అందులో ఉన్నాయి. "సారూ, నువ్వే రాసిపెట్టు" అంటే రాసిపెట్టాం. సాయం అనుకున్నాం. మేము ఒక్క రూపాయి ముట్టలేదు, అది నిజం. అయినా పదకొండు ఇళ్ల తాళాలు ఒక్కడి జేబులో ఉండడమేమిటి? చదువుకున్నవాడు చదువుకోనివాళ్ల తరఫున వేలు కదిలించడం మొదలుపెడితే వాడ నడుమ కొత్త పట్వారీ పుట్టినట్టే. వాడు మన కులం వాడే కావచ్చు, అంబేడ్కర్ జయంతి నాడు దండ వేసేవాడే కావచ్చు. ఆ కాగితాలు చించేశాం. పదకొండు మందీ తమ పిన్నులు తామే మార్చుకునేదాకా పక్కన నిలబడ్డాం.

అక్షరం రాదనే మాట నిజం కావచ్చు. అంకె రాదనే మాట అబద్ధం. బస్సు నంబరు చూసి ఎక్కే తల్లికి, కట్టలు లెక్కబెట్టి కూలి అడిగే తల్లికి, నోటు చూసి చిల్లర ఇచ్చే తల్లికి అంకెలు రావా? మిషన్ మీద ఉండేవీ ఆ అంకెలే. అందుకే ఈ కింది మాటలు మీటింగులో చదివి వినిపించండి.

మొదటి మాట, వేలు గురించి. మిషన్ దగ్గర ఎంత కావాలో మీరే నోటితో చెప్పండి. తెర మీద ఆ అంకె చూశాకే వేలు పెట్టండి. వేలు పెట్టిన ప్రతిసారీ చీటీ అడగండి. "ఫెయిలయింది" అంటే ఫెయిలయిన చీటీ కూడా అడగండి. అది ఇవ్వకుండా రెండోసారి వేలు పెట్టమంటే లేచి వచ్చేయండి. నెలకొకసారి పాసుబుక్కు కొట్టించండి. ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ఇచ్చి ఉందో బ్యాంకులో అడగండి. ఖాతా తెరిచిన రోజున ఎవరో తమ నంబరు రాసేసిన ఖాతాలు మన వాడల్లో ఉన్నాయి. డబ్బు మనది, మెసేజీ వాడికి! ఇంకొకటి. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకునే సౌకర్యం ఉంది. తాళం వేస్తే ఎవరూ ఆ వేలితో డబ్బు తీయలేరు. కాని రేషన్ షాపులోనూ వేలు పడదు, అవసరమైనప్పుడు తాళం తీసుకోవాలి. వేలిముద్రతో రోజూ పనిబడే ముసలివాళ్లకు ఇది ఇబ్బంది. పట్నంలో ఉండే పిల్లలకు పనికొస్తుంది. ఆధార్ సంగతులు అడగడానికి నంబరు 1947. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే, మరిచిపోలేరు.

రెండో మాట, పిన్ను గురించి. పిన్ను కొడితే డబ్బు పోతుంది. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు, ఏ బొమ్మనూ స్కాన్ చేయనక్కరలేదు. "నీకు డబ్బులొచ్చాయి, తీసుకోవాలంటే పిన్ను కొట్టు" అన్నవాడు దొంగ. బ్యాంకు నుంచంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగినవాడూ దొంగే. పెద్ద ఫోన్ లేదని అప్పు చేసి కొననక్కరలేదు. బటన్ల ఫోన్‌లో స్టార్ 99 హ్యాష్ కొట్టి ఇంటర్నెట్ లేకుండానే ఖాతాలో ఎంతుందో చూసుకోవచ్చు, డబ్బు పంపవచ్చు.

మూడో మాట, వాట్సాప్‌లో వచ్చే మూటల గురించి. పెళ్లి శుభలేఖ అని, పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అనే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటే అది శుభలేఖ కాదు, ఫోన్లోకి దూరే యాప్. నొక్కితే మీ మెసేజీలు, ఓటీపీలు వాడి కళ్ల ముందుంటాయి. పంపింది సొంత బావమరిదే అయినా నొక్కకండి. బావమరిది ఫోనూ అప్పటికే వాడి చేతికి పోయి ఉండవచ్చు.

నాలుగో మాట, అప్పుల యాప్‌ల గురించి. 2020 డిసెంబరులో మన తెలంగాణలోనే ఈ యాప్‌ల వేధింపులు తాళలేక ప్రాణాలు తీసుకున్న వాళ్ల వార్తలు వరసగా వచ్చాయి. వారం గడువు, ముందే సగం కోత, తర్వాత మన ఫోన్లోని నంబర్లన్నిటికీ ఫోన్లు, బూతులు, మార్ఫింగ్ ఫోటోలు. రిజర్వు బ్యాంకు అదే నెల 23న హెచ్చరించింది. 2022 సెప్టెంబరు 2న నియమాలు పెట్టింది. అప్పు డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవాళ్ల ఖాతాలోనే పడాలి. మొత్తం వడ్డీ, ఖర్చులు ముందే కాగితం మీద చూపాలి. ఫోన్లోని నంబర్లు, ఫోటోలు, కాల్స్ జాబితా యాప్ ముట్టకూడదు. కాబట్టి గుర్తు తేలిక. అప్పిస్తానంటూ మీ నంబర్ల జాబితా అడిగితే అది అప్పు కాదు, మీ పరువును తాకట్టు పెట్టించుకోవడం. ఇప్పటికే చిక్కుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. సిగ్గు మీది కాదు, వాడిది. ఒంటరిగా మోయకండి. వాడకు చెప్పండి, మాకు చెప్పండి, పోలీసుకు చెప్పండి. డబ్బు పోతే సంపాదించుకుంటాం, మిమ్మల్ని తెచ్చుకోలేం.

అయిదో మాట, పాత ఫోన్లు కొనే కుర్రవాళ్లకు. సంతలో చవకగా దొరికిందని కొంటారు. అది దొంగ ఫోనైతే, దొరికిన రోజున ముందు ఏ వాడ పిల్లవాణ్ని స్టేషన్‌కు పట్టుకుపోతారో మీకు మేము చెప్పాలా? కొనే ముందు ఆ ఫోన్లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టండి. 15 అంకెల నంబరు కనిపిస్తుంది. మెసేజీలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు పంపండి. బ్లాక్‌లిస్టు అనో, డూప్లికేట్ అనో జవాబొస్తే ఫోన్ అక్కడే వదిలేయండి. కొంటే అమ్మినవాడి చేత రసీదు రాయించుకోండి. మన ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదుతో సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించవచ్చు. మన ఆధార్ మీద ఇంకెవరైనా సిమ్ములు వాడుతున్నారా అన్నదీ అక్కడే తెలుస్తుంది.

ఆరో మాట, మోసం జరిగిపోయాక. ఏడుస్తూ కూర్చోకుండా ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపించే వీలుంటుంది. తర్వాత బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఒక ఆదేశం ఇచ్చింది. మన తప్పు లేకుండా మూడోవాడు చేసిన మోసమైతే, బ్యాంకు కబురు అందిన 3 పని దినాల్లోపు ఫిర్యాదు చేసిన ఖాతాదారు మీద నష్టం వేయరాదని అందులో ఉంది. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సింది బ్యాంకేనని కూడా ఉంది. అయితే పిన్ను మనమే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మన నెత్తి మీదే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు పెట్టవచ్చు. మేనేజరు "రేపు రా" అంటే ఇవన్నీ చెప్పండి. ఒక్కరుగా పోకండి, నలుగురుగా పొండి.

యంత్రం మనకు అందదని ఎవరన్నారు? జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంగం రేడియో మొదలైంది. నడిపింది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు. మైకు ముందు మాట వాళ్లదే, రికార్డింగు మిషన్ తిప్పిన చెయ్యీ వాళ్లదే. ఆ సంఘాల్లోని అక్షరం రాని రైతు స్త్రీలు వీడియో కెమెరాలు పట్టి సినిమాలు కూడా తీశారు. కెమెరా పట్టిన చేతికి ఫోన్ బరువా? మన ఇళ్లల్లో చూసుకుందాం. ఫోన్ ఉంటుంది, అది మొగుడి జేబులోనో కొడుకు జేబులోనో ఉంటుంది. కూలి మాత్రం ఆమెది. దొరను ప్రశ్నించే మనం ఇంట్లో ఈ ప్రశ్న దాటేయకూడదు.

మా ప్రతిపాదన చిన్నది. పత్రిక వచ్చిన ప్రతి పక్షం, ఒక సాయంత్రం, వాడ అంబేడ్కర్ భవనంలోనో వేపచెట్టు కిందో కూర్చుందాం. అందరూ ఫోన్, పాసుబుక్కు తెచ్చుకోవాలి. ఒక్కటే నియమం. ఎవరి ఫోన్ వాళ్లే పట్టుకోవాలి, ఎవరి వేలు వాళ్లే నొక్కాలి. చదువుకున్నవాళ్లు నోటితో చెప్పాలి గాని ముట్టకూడదు. దొర ముందు మన తాతలు చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఆ సాయంత్రం మాస్టర్లం, ఉద్యోగులం, కార్యకర్తలం మన తల్లుల ముందు చేతులు కట్టుకొని నిలబడదాం. ఆలస్యమవుతుంది, విసుగొస్తుంది. పది నిమిషాల పనికి గంట పడుతుంది. పడనివ్వండి.

మా పెద్దమ్మకు నాలుగు సాయంత్రాలు పట్టింది. మొన్న మిషన్ దగ్గర చీటీ అడిగి తీసుకొని, అంకె చూసి, మడిచి కొంగున ముడేసుకుంది. "కొత్త పిన్ను గుర్తుందా అమ్మా, ఏంటిది?" అని మేము పరీక్ష పెట్టాం. మా మొహం చూసి నవ్వి, "నీకెందుకు సారూ?" అంది.

ప్రతి వాడలో ప్రతి తల్లీ ఆ మాట అనాలి. మనల్ని అడిగినా సరే, మనతోనే ముందుగా అనాలి.

జై భీమ్.